కథ హక్కులన్నీ 3 లక్షలకు రాసివ్వొచ్చా?

ప్రశ్న: తెనాలిలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని, జీతం 35 వేలు. వారపత్రికలో అచ్చయిన నా కథను సినిమాగా తీస్తామని ఒక నిర్మాణ సంస్థ అడుగుతోంది. అన్ని హక్కులకూ కలిపి 3 లక్షలట. వారంలో సంతకం పెట్టమంటున్నారు. 12 శాతం వడ్డీకి 1.8 లక్షల గోల్డ్ లోన్ ఉంది. ఒప్పుకోనా?

జవాబు: లోన్ టెన్షన్‌తో మాత్రం సంతకం పెట్టకండి. మీ వడ్డీ నెలకు 1,800. రెండు నెలలు బేరమాడినా అదనంగా పడేది 3,600.

ఒక్క తెలుగు సినిమాకే అయితే, తొలిసారి అమ్ముతున్న రచయితకు 3 లక్షలు తీసిపారేసే మొత్తమేమీ కాదు. కానీ ‘అన్ని హక్కులూ’ అంటే రీమేక్‌లు, సీక్వెల్, వెబ్ సిరీస్ కూడా వాళ్లవే. సినిమా ఆడి హిందీ రీమేక్ అమ్ముడుపోతే మీకు ఫోన్ కూడా రాదు. ఒక సినిమా, ఒక భాష అని రాయించండి. రీమేక్, సిరీస్‌లకు విడిగా డబ్బో, శాతమో అడగండి.

కాపీరైట్ చట్టం కొంత మీ వైపే ఉంది. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఏడాదిలోపు వాడుకోకపోతే హక్కులు వెనక్కి వస్తాయి, ఒప్పందంలో వేరేలా లేకపోతే. వేరేలానే ఉంటుంది లెండి! అందుకే మూడేళ్లలో షూటింగ్ మొదలుకాకపోతే హక్కులు మీవేనని పెట్టించండి. 2012 సవరణ ప్రకారం సినిమా హాలు బయటి వాడకంపై రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోవడానికి వీల్లేదు. అయితే పాటల రచయితలకు ఐపీఆర్ఎస్ అనే సంఘం రాయల్టీ వసూలు చేసిపెట్టినట్టు కథకులకు అంత గట్టి ఏర్పాటు లేదు. టీవీ, ఓటీటీ వాటా ఎప్పుడు, ఎలా ఇస్తారో ఒప్పందంలోనే ఉండాలి.

మీ పేరున్న టైటిల్ కార్డు ఎక్కడ పడుతుందో కూడా రాయించండి. ‘3 ఇడియట్స్’లో మూల నవల రాసిన చేతన్ భగత్ పేరు చివర్లో వేయడంపై ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా.

మీ కథ పోటీకి పంపినదైతే ముందు ఆ పత్రిక షరతులు వెతికి చదవండి. హక్కులు పత్రికవే అని ఉంటే అమ్మడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. గట్టిగా అడిగితే కథ కాస్త మార్చి, మీకేమీ ఇవ్వకుండానే సినిమా తీసేస్తారేమోనన్న భయం ఉత్తది కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని, రాసిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కాబట్టి అచ్చయినదానికి మించి కొత్త సీన్లు నోటితో చెప్పకండి.

డబ్బు మూడు విడతల్లో తీసుకోండి: సంతకానికి లక్ష, షూటింగ్ మొదలైనప్పుడు లక్ష, విడుదలకు ముందు లక్ష. అంతా బ్యాంకు ద్వారానే. 10 శాతం టీడీఎస్ కోస్తారు. మీకు వేరే ఆదాయం లేకపోతే, మొత్తం ఒకే ఏడాది వచ్చినా జీతంతో కలిపి 7.2 లక్షలే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కనుక రిటర్ను వేస్తే కోసింది తిరిగొస్తుంది. మొదటి విడతలో చేతికొచ్చే 90 వేలూ గోల్డ్ లోన్ అసలుకే కట్టేయండి, వడ్డీ నెలకు 900కి దిగుతుంది.