రైటింగ్ కోర్సు మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మడూ,

"ఈ కోర్సులో మీ లక్ష్యాలేమిటో ఒక పేజీ రాసుకు రండి" అన్నారని, ఏం రాయాలో నీకు తోచడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పేజీని తేలిగ్గా తీసుకోకు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడిగా నేను గమనించిందేమిటంటే, తమకేం కావాలో తేల్చుకోని పిల్లలే చివరి రాత్రి టెన్షన్ పడి ఎక్కడిదో తెచ్చి అతికిస్తారు. చెడ్డ పిల్లలేం కారు. ఆ వ్యాసంతో వాళ్ళకు పని లేదు, అంతే.

"ఇంగ్లీషు బాగా రావాలి" అని మాత్రం రాయకు. అది ఎప్పటికి తీరిందో నీకే తెలియదు. "పొందూరు ఎన్నడూ చూడనివాడికి అక్కడి ఖద్దరు పని రెండు పేజీల్లో అర్థమయ్యేలా చెప్పగలగాలి" అని రాయి. తీరిందో లేదో చదివినవాడే చెబుతాడు. నెట్‌లో వెతికితే "ప్రసిద్ధి చెందిన సన్నని ఖాదీ" అన్న మాటే పది చోట్ల దొరుకుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే ఆడవాళ్ళ పక్కన ఒక పూట కూర్చో. ఆ ఎముక పళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయో, గింజ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఎలా తిరుగుతుందో నువ్వు చూసి రాసుకున్నదంతా నీదే. మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు కూడా సవర గిరిజనుల భాషను వాళ్ళ నోటివెంటే నేర్చుకున్నారు. నిఘంటువు ఆ తర్వాతే కూర్చారు.

పుస్తకాలు, వెబ్‌సైట్లు వాడొద్దనను. ఎవరి మాటైనా ఉన్నదున్నట్టు నోట్సులోకి దించుకుంటే అప్పటికప్పుడే కోట్స్ పెట్టి, పక్కన పేరు, పేజీ నంబరు వెయ్యి. తర్వాత వేద్దాంలే అనుకుంటే వారం తిరిగేసరికి ఏది నీదో, ఏది వాళ్ళదో పోల్చుకోలేవు. సొంత మాటల్లో చెప్పాలంటే పుస్తకం మూసి రాయి. తెరిచిపెట్టుకుని ఒక్కో మాట మారుస్తూ పోతే అదీ కాపీయే. మూసి రాసినా ఆలోచన వాళ్ళది కాబట్టి పేరు చెప్పాల్సిందే.

విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ కాపీ రాతల మీద 2018లో పెట్టిన నిబంధనల్లో, ఇతరుల రాతతో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. దాన్ని పట్టుకుని "పది శాతం కాపీ కొట్టొచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకు. సరిగ్గా పేరు చెప్పి ఉటంకించిన భాగాలు అసలు ఆ లెక్కలోకే రావు. అదే 60 శాతం దాటితే థీసిస్ రాసే విద్యార్థికి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. నీ వ్యాసాలకైతే మీ మాస్టారు పెట్టిన రూలే రూలు. చాట్‌జీపీటీ ఎంతవరకు వాడొచ్చో కూడా ఆయన్నే అడుగు, ఈ వారమే అడుగు.

గడువుకి అందుకోలేననిపిస్తే ముందురోజే వెళ్ళి చెప్పు. రెండు మార్కులు పోతే పోనీ.

చిత్తుప్రతి అవగానే నాకు చూపించు. వాక్యాలు దిద్దను, దిద్దితే అది నా వ్యాసం అయిపోతుంది. నాకు అర్థం కానిచోట పెన్సిలుతో గీత గీసి ఇస్తాను.

మీ మావయ్య,
శ్రీకాకుళం