పాత సీడీ కొత్త ప్లేయర్‌లో మెరుగ్గా ఎందుకు వినిపిస్తుంది?

ప్రశ్న: 1980లలో కొన్న సీడీలు ఆనాటి ప్లేయర్‌లో కాస్త గరుకుగా వినిపించేవి. అవే డిస్కులు ఇప్పుడు కొత్త ప్లేయర్‌లో చాలా సాఫీగా వినిపిస్తున్నాయి. సీడీ ప్రమాణం మారనప్పుడు ఈ తేడా ఎలా వచ్చింది? వీటి రీమాస్టర్లు, అంటే మూల రికార్డింగ్ నుంచి మళ్లీ తయారుచేసిన కొత్త ప్రతులు, కొనుక్కోవాలా?

జవాబు: మీరు గమనించిన తేడా నిజమైనదే. సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చినప్పుడు సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్ద తరంగపు ఎత్తును అంకెగా నమోదు చేసిన కొలతలు), ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు ఉండేవి, ఇప్పటికీ అంతే. మారింది ఆ అంకెలను తిరిగి శబ్దంగా మలిచే డీఏసీ, దానితో పనిచేసే ఫిల్టర్.

ఈ శాంప్లింగ్ రేటులో 22,050 హెర్ట్జ్ వరకే శబ్దం ఇముడుతుంది. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు కాబట్టి, ఆ లోపలి శబ్దాన్ని చెక్కుచెదరకుండా ఉంచి, పైన పుట్టుకొచ్చే అనవసర సంకేతాలను పూర్తిగా తొలగించే పని ఆ కాస్త ఎడంలోనే జరగాలి. తొలితరం ప్లేయర్లలో చాలావాటిలో ఈ భారమంతా అనలాగ్ ఫిల్టర్‌పైనే పడేది. అంత నిటారుగా కోత పెట్టే క్రమంలో అది హెచ్చు ఫ్రీక్వెన్సీల ఫేజ్‌ను, అంటే తరంగాల మధ్య కాలపు పొందికను, చెదరగొట్టేది. ఫిలిప్స్ మాత్రం మొదటి నుంచీ 14 బిట్ల డీఏసీని వాడుతూనే, శాంప్లింగ్ రేటును నాలుగు రెట్లు, అంటే 176.4 కిలోహెర్ట్జ్‌కు పెంచి, వడపోతలో అధిక భాగాన్ని అంకెల దశలోనే ముగించింది. ఓవర్‌శాంప్లింగ్ అనే ఈ పద్ధతినే తర్వాత పరిశ్రమ అంతా అనుసరించింది. సీడీ శబ్దానికి ఇంతకు మించిన మేలు మరొకటి జరగలేదని నా అభిప్రాయం.

మెల్లని శబ్దాల సంగతి వేరు. పాత 16 బిట్ల డీఏసీలో శబ్ద స్థాయిని సూచించే 65,536 మెట్లూ సమాన ఎత్తులో ఉండాలంటే లోపలి రెసిస్టర్లు అసాధారణ కచ్చితత్వంతో ఉండాలి. తరంగం సున్నాను దాటే ప్రతిసారీ అన్ని బిట్లూ ఒకేసారి తారుమారవుతాయి కనుక, చిన్న లోపమైనా, పియానో స్వరం సన్నగిల్లుతూ ఆగిపోయే చోట గరగరగా బయటపడేది. అన్ని మెట్లకు బదులు కొద్ది మెట్లనే అతి వేగంగా మారుస్తూ పనిచేసే, 1980ల చివర నుంచి వ్యాపించిన డెల్టా-సిగ్మా డీఏసీలు ఈ ఇబ్బందిని దాదాపు తీర్చాయి.

అయితే శబ్దాన్ని అంకెలుగా మార్చినప్పుడే దొర్లిన లోపాలను ఏ ప్లేయరూ సరిదిద్దలేదు. మూల అనలాగ్ టేపు నుంచి మళ్లీ జాగ్రత్తగా మార్చిన రీమాస్టర్‌లో ఆ మేలు దక్కుతుంది. కానీ చాలా రీమాస్టర్లలో హెచ్చుతగ్గులను అణచివేసి మొత్తం శబ్దాన్ని బిగ్గరగా చేశారు; అలాంటివాటి కంటే మీ పాత డిస్కే నయం. కొనే ముందు రెండింటినీ ఒకే బిగ్గరతనంలో వినిపించేలా వాల్యూమ్ సరిచేసి పోల్చండి, ఎందుకంటే కాస్త బిగ్గరగా వినిపించేదే బాగుందని ఎవరికైనా అనిపిస్తుంది.