స్కాలర్‌షిప్ పడలేదా? ముందు సీడింగ్ చూడండి
అక్కా, బాబు ఖాతాకు ఆధార్ లింకు ఉన్నా స్కాలర్‌షిప్ పడలేదన్నారు కదా, చిక్కు బహుశా సీడింగ్‌లో ఉంది. కేవైసీకి (బ్యాంకు చేసే గుర్తింపు తనిఖీకి) ఆధార్ ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చూపే జాతీయ చెల్లింపుల సంస్థ జాబితాలో) ఖాతా నమోదవడం వేరు; ఈ నమోదే సీడింగ్. ఆధార్ మీద వచ్చే డబ్బు చివరగా సీడింగ్ చేయించిన బ్యాంకుకే వెళ్తుంది. మైఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే అది ఏ బ్యాంకో తెలుస్తుంది (ఓటీపీ వస్తుంది, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ దగ్గర పెట్టుకోండి). ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా కనబడితే ఆశ్చర్యపోకండి, డబ్బు అందులోనే ఉండొచ్చు. మార్చాలంటే మీకు కావలసిన బ్యాంకు బ్రాంచిలో సీడింగ్ ఫారం ఇవ్వాలి.

ఇంకొకటి, బాబుకు 18 నిండాయన్నారు. అది మైనర్ ఖాతా అయితే కొత్త సంతకం, కేవైసీ ఇచ్చి మేజర్ ఖాతాగా మార్పించాలి, లేకపోతే లావాదేవీలు ఆగిపోవచ్చు. బ్యాంకుకు బాబునే వెళ్లమనండి, సంతకం ఎలాగూ తనదే కావాలి.