మేపుల్ కొనే ముందు ఒక గుంత తవ్వి చూడండి

హైదరాబాద్ అల్వాల్‌లో కొత్త ఇల్లు, వెనక కొంచెం జాగా, జపనీస్ తోటకి మేపుల్, అజేలియా పెట్టాలంటే మట్టిలో ఏం కలపాలి అని కదా అడిగారు. ముందు ఆ రెండూ మర్చిపోండి. నేనూ ఆన్‌లైన్లో మేపుల్ తెప్పించా. ఫిబ్రవరి దాకా ముద్దుగా ఉంది. మార్చి చివర్లో ఆకుల అంచులు మాడిన అప్పడంలా అయ్యాయి, మే నెల చూడనే లేదు. దానికి ఆకు రాల్చి నిద్రపోయేంత చలి కావాలి, మన దగ్గర అదెక్కడిది? అజేలియా పూలమొక్కకి పులుపు (ఆమ్ల) నేల కావాలి. మన బోరు నీళ్లలో సున్నమేమో బకెట్‌కే తెల్లగా పేరుకుంటుంది, అది పులుపుకి విరుగుడు.

ఇక మట్టి. ఒకటిన్నర అడుగు తవ్వండి. మా ఇంట్లో పైన నాలుగంగుళాలే ఎర్రమట్టి, కింద అంతా సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గుట్కా ప్యాకెట్లు. ఆ సిమెంటు సున్నం అక్కడే ఉంటే ఎంత ఎరువేసినా దండగే. రెండు ట్రాక్టర్ల చెత్త ఎత్తి పోయించా. తర్వాత గుంతలో నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి ఐదారు గంటలైనా ఇంకకపోతే కింద మొరం గట్టిగా ఉన్నట్టే. గడ్డపారతో గుల్ల చేయండి, లేదా మట్టిని దిబ్బలా ఎత్తుగా పోయండి. జపాన్ తోటల్లో ఇలాంటి దిబ్బల్ని త్సుకియామా అంటారు, కాబట్టి అందానికీ లోటుండదు.

నేను కలిపింది: మూడు గంపల ఎర్రమట్టికి ఒక గంప బాగా మాగిన పశువుల ఎరువు, అరగంప ఆకు కంపోస్టు, రెండు గుప్పెళ్ల వేపపిండి. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట చల్లండి.

మొక్కలంటారా, సైకాస్ పెట్టండి. అది దక్షిణ జపాన్‌దే, మన ఎండకీ ఆగుతుంది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం వద్దు, విషం. మబ్బుల్లా గుండ్రంగా కత్తిరించుకోవడానికి పొట్టి నందివర్ధనం, కామినీ చాలు. నాచు వానాకాలం ముచ్చటే, దాని బదులు నీడలో మోండో గడ్డి వేసుకోండి. వెదురైతే సిమెంటు ఒరలోనే, లేకపోతే వేర్లు గోడ దాటి పాకి పక్కింటాయనతో గొడవ ఖాయం.

నేను చేసిన ఇంకో తప్పు, తెల్లగా ఉన్నాయని మార్బుల్ చిప్స్ పరిచా. అది సున్నపురాయి జాతే కదా, వద్దనుకున్న సున్నం మళ్లీ తెచ్చి పోసుకున్నట్టయింది! క్రషర్‌లో దొరికే గ్రానైట్ బేబీ చిప్స్ వేయండి. గుండురాళ్లకి మన ఊళ్లో కొదవేముంది. మూడోవంతు భూమిలో పాతండి, పైన పెట్టేస్తే లారీలోంచి జారిపడ్డట్టుంటుంది.