శ్రుతి, స్వరం, రాగం, లయ, తాళం: తేడా ఎలా తెలుస్తుంది?

ముప్పయ్యయిదేళ్ల వయసులో కర్ణాటక సంగీతం మొదలుపెట్టాననీ, ఈ అయిదు మాటలూ కలగాపులగంగా ఉన్నాయనీ మీరు రాశారు. నేను నలభై దాటిన తరువాత నల్లగొండలో ఒక గురువుగారి దగ్గర చేరాను. అంతకుముందు మిర్యాలగూడ దగ్గరి మా ఊరి రామాలయంలో శనివారం భజనలకు హార్మోనియం వాయించేవాణ్ణి కాబట్టి, ఇవన్నీ నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి.

ఆ హార్మోనియం మీద ఒక తెల్ల మెట్టుకు ఎవరో ‘స’ అని కాగితం అంటించారు. ఆ మెట్టే ‘స’ అని ఏళ్ల తరబడి నమ్మాను. ఒకసారి పక్క ఊరి నుంచి వచ్చిన ఒకావిడ అయిదో శ్రుతిలో, అంటే అయిదో తెల్ల మెట్టును ‘స’గా పెట్టుకుని, పాడతాననేసరికి నాకు చేతులు ఆడలేదు. ‘స’ అనేది ఏ మెట్టుకూ సొంత పేరు కాదని, పాడేవారు తమ గొంతుకు అనువుగా ఎంచుకుని ఆధారంగా నిలుపుకునే నాదమని, ఆ ఆధారాన్నే వాడుకలో శ్రుతి అంటారని గురువుగారు చెప్పాకే అర్థమైంది. మిగిలిన స్వరాలు ఆ ఆధారానికి ఎంత ఎత్తున ఉన్నాయన్నదాన్ని బట్టి రి, గ, మ అనిపించుకుంటాయి. స, ప లకు భేదాలు లేవు. తక్కిన అయిదింటికి ఉన్నాయి. అన్నీ కలిపి ఒక స్థాయికి, అంటే ఒక ‘స’ నుంచి పై ‘స’ వరకు ఉన్న ఎడానికి, 12 స్వరస్థానాలు. గ్రంథాలలో కనిపించే 22 శ్రుతుల లెక్క వేరు, ఇప్పుడు దాని జోలికి వెళ్లకండి.

రాగం సంగతి హార్మోనియం మీద మీరే పరీక్షించవచ్చు. నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుని వరుసగా నల్ల మెట్లే నొక్కుతూ పోతే మోహన రాగం స్వరాలు పలుకుతాయి. అదే గుంపులో రెండవదాన్ని ‘స’ చేసుకుంటే, మెట్లు అవే అయినా, మధ్యమావతి రాగం వినిపిస్తుంది. ఆధారం మారితే రాగమే మారుతుందన్న మాట. అయితే స్వరాల వరుస రాగానికి ఎముకల గూడు మాత్రమే. గమకాలూ (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు), ప్రయోగాలూ (ఆ రాగానికే చెందిన స్వరాల పోకడలు) తోడైతేనే ప్రాణం వస్తుంది. అది గురుముఖంగా వినవలసిందే.

లయ అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉండడం. తాళం ఆ దెబ్బలను లెక్కపెట్టే చట్రం. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తరువాత ‘దెబ్బ, విసురు (చేతిని తిప్పి వేయడం)’ అన్న జంట రెండుసార్లు, మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. మొదట నేర్పే స్వరపాఠాలైన సరళీ వరుసలను రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) పాడేటప్పుడు చేతి వేగం మారదు, ఒక్కో అక్షరానికి పట్టే స్వరాలు రెట్టింపవుతాయి. నేను ఇక్కడే నెలల తరబడి తడబడ్డాను, ఎందుకంటే మా భజనలో చిడతలు జోరందుకున్నకొద్దీ పాట దానంతట అదే పరుగెత్తేది. అది భజనకు అందం; గురువుగారి ముందు మాత్రం నా చేతిని ఆయన పట్టుకుని ఆపవలసి వచ్చేది.