తోచనివ్వండి

పోయిన నెల ఇదే పేజీలో ‘రోజుకో పావుగంట చేతిలో ఏదీ లేకుండా ఊరికే కూర్చోండి’ అని రాశాం. దానిమీద విశాఖ నుంచి, చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. ఒకటి రెండు ఉత్తరాల్లో చీవాట్లు ఉన్నాయి. వాటినీ వదల్లేదు.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. మీరు చెప్పినట్టే కూర్చున్నాను. నాలుగు నిమిషాలు కాకుండానే పిచ్చెక్కినట్టయింది. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఇదేమైనా జబ్బా? అసలు ఊరికే కూర్చుంటే ఒరిగేదేమిటి?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జబ్బు కాదు. 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొంతమందిని ఒక ఉత్త గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. నొక్కితే కాస్త కరెంటు షాక్ కొట్టే మీట మాత్రం ఉంది. డబ్బిచ్చైనా ఆ షాక్ తప్పించుకుంటామని ముందు చెప్పినవాళ్లే వాళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 గురు ఒక్కసారైనా ఆ మీట నొక్కారు. మీరు ఫోన్ నొక్కారు, అంతే తేడా.

ఇక ఒరిగేదేమిటన్న ప్రశ్న. మనం ‘ఏమీ తోచడం లేదు’ అంటాం, ‘ఒక ఉపాయం తోచింది’ అనీ అంటాం. రెండు చోట్లా తోచడం ఒకటే. విసుగంటే మనసు దేన్నో పట్టుకుందామని వెతుకుతూ, పట్టు దొరక్క పెట్టే గోల. గోల మొదలైన పది సెకన్లకే రీల్ పెట్టి దాని నోరు మూయిస్తే, వెతకడమూ అక్కడితో ఆగిపోతుంది. మెదడు పని లేనప్పుడు ఆగిపోదని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్కస్ రైకిల్ బృందం 2001లో చూపించింది. చేతిలో పని లేనప్పుడే చురుగ్గా ఉండే భాగాలు కొన్ని ఉన్నాయి. పాత సంగతులు నెమరేసుకోవడం, రేపటిది ఊహించుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అంచనా కట్టడం, ఇలాంటివన్నీ ఎక్కువగా వాటి మీదే నడుస్తాయని తర్వాత తేలింది. అలాగని కూర్చున్న ప్రతిసారీ గొప్ప ఆలోచన వస్తుందని ఆశ పెట్టుకోకండి. పదిసార్లు కూర్చుంటే ఎనిమిదిసార్లు పాలప్యాకెట్టే గుర్తొస్తుంది.

మీరు చేసిన పొరపాటు ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచుకోవడమని మా అనుమానం. అది పక్క గదిలో ఉండాలి, తలుపు దగ్గరికి వేసి ఉండాలి. టైమ్ చూసుకోవడానికని తెచ్చుకున్నా సరే, చూసేది టైమ్ ఒక్కటే కాదు కదా. గోడ గడియారం లేకపోతే ఒక అగరుబత్తి వెలిగించండి. మామూలు పొడవుది సుమారు అరగంట కాలుతుంది. మీ ఇంట్లో వాడేది ఎంతసేపు వస్తుందో ఒకసారి గడియారం పెట్టి చూసుకుని, దాన్నిబట్టి విరుచుకోండి. ఫ్యాన్ కింద పెడితే తొందరగా అయిపోతుంది. కాబట్టి గది మూలన, గాలి తగలని చోట పెట్టండి.

వీపుకి ఆనుడు ఉండే కుర్చీ చాలు. పద్మాసనం అక్కర్లేదు. కళ్లు తెరిచే ఉంచండి, మూస్తే నిద్రొస్తుంది. మొదటి మూడు రోజులు 5 నిమిషాలే. తర్వాత వారం చివరిదాకా 10. రెండోవారం నుంచి 15. అక్కడే ఆగిపోండి, గంటకి పెంచుకోవాల్సిన పనేమీ లేదు. ఆదివారం పూట ఒకేసారి గంట కూర్చుని, సోమవారం మానేసినవాళ్ల ఉత్తరాలు మాకు చాలా వస్తున్నాయి. మూడో నిమిషం నుంచి ఆరో నిమిషం దాకా చాలామందికి కష్టంగా ఉంటుంది. కాలు ఊపాలనిపిస్తుంది, వీపు దురద పెడుతుంది, గేటు వేశామో లేదోనన్న అనుమానం వస్తుంది. కాలు ఊపుకోండి, వీపు గోక్కోండి. లేవకండి, అంతే. దురద లాంటిదే ఇదీ, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. కట్టాల్సిన కరెంటు బిల్లు గుర్తొస్తే పక్కనే కాగితం, పెన్సిలు ఉంచుకుని ‘బిల్లు’ అని ఒక్క మాట రాసి వదిలేయండి.

పడుకోబోయే ముందు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు తోచేవి ఉపాయాలు కావు, బెంగలు. సాయంత్రం అయిదు, ఆరు మధ్య మంచిది. అప్పుడైనా ఒకే దిగులు మూడుసార్లు తిరిగి తిరిగి వస్తుంటే కూర్చోవడం ఆపి మేడ మీద నడవండి. నడకలోనూ ఇది జరుగుతుంది.

చదువు మధ్య విరామాలకూ ఇదే లెక్క. 50 నిమిషాలు చదివి 10 నిమిషాలు రీల్స్ చూస్తే కళ్లకీ విరామం లేదు, బుర్రకీ లేదు. పుస్తకం ముందుకి తిరిగొచ్చినా, చూసి వదిలేసిన దాని తాలూకు ముక్క తల్లో ఇంకా ఆడుతూనే ఉంటుంది. ఆ 10 నిమిషాలూ బాల్కనీలో నిలబడి కిందికి చూడండి.

ప్రశ్న: సినిమా కూడా 1.5 స్పీడులో పెట్టుకుని చూస్తున్నాను. వీడియో కాస్త నసగా ఉంటే వెంటనే ఇంకోటి మారుస్తాను. అయినా బోరే.
— ఒక పాఠకురాలు, పెందుర్తి

అయినా కాదు, అందుకే. టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇదే. వీడియోలు మార్చుకుంటూ, ముందుకు తోసుకుంటూ చూసినవాళ్లకి ఒకటే కుదురుగా చూసినవాళ్లకంటే ఎక్కువ బోరు కొట్టింది. మారిస్తే తగ్గుతుందని మాత్రం వాళ్లూ మీలాగే అనుకున్నారు.

యూట్యూబ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా తుడిచేయండి. హోమ్ పేజీ దాదాపు ఖాళీగా వస్తుంది. ఏం చూడాలో మీరే వెతుక్కోవాలి, వెతికేంత ఓపిక లేకపోతే చూడరు. ఆటోప్లే కూడా తీసేయండి. ఫోన్ తెర నలుపు-తెలుపు చేస్తే రీల్స్ రుచి సగం పోతుంది. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద బెడ్‌టైమ్ మోడ్‌లో ఉంటుంది, ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ ఫిల్టర్స్‌లో.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. సెలవులు మొదలైనప్పట్నుంచి పావుగంటకోసారి ‘అమ్మా, ఏం తోచట్లేదు’ అని వచ్చి కొంగు పట్టుకుంటున్నాడు. ట్యాబ్ ఇస్తేగానీ వంట కావడం లేదు. అబాకస్, కరాటే రెండిట్లోనూ చేర్పించాం.
— ఒక పాఠకురాలు, మధురవాడ

రెండు క్లాసులకి వెళ్లే పిల్లాడికి ఏమీ తోచదంటే ఆశ్చర్యమేమీ లేదు. తర్వాత ఏం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్పడం వాడికి అలవాటైపోయింది. వాడు కొంగు పట్టుకున్నప్పుడు మనం సాధారణంగా చేసేది నాలుగు ఉపాయాలు చెప్పడం: బొమ్మ వెయ్యి, సైకిల్ తొక్కు, తాతయ్యతో ఆడుకో. అన్నీ కాదంటాడు. ఎందుకంటే అవి మీకు తోచినవి, వాడికి తోచినవి కావు. ‘అలాగా నాన్నా, నీకే ఏదో తోస్తుందిలే’ అని చెప్పి మీ పని మీరు చేసుకోండి. మొదటి రోజు 30, 40 నిమిషాలు సతాయిస్తాడు. మధ్యలో ఒక్కసారి లొంగి ట్యాబ్ ఇచ్చారా, ఎంతసేపు సతాయిస్తే దొరుకుతుందో లెక్క నేర్చుకుంటాడు. రేపు అంతకంటే పది నిమిషాలు ఎక్కువ ఏడుస్తాడు. ఇవ్వదలుచుకుంటే రోజూ ఒకే వేళకి ఇవ్వండి, ఏడుపుకి కాదు. 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకి రోజుకి 2 గంటల లోపే తెర అని భారత పిల్లల వైద్యుల సంఘం సూచన. రెండేళ్ల లోపు వాళ్లకైతే అసలే వద్దంటారు.

ఉపాయం చెప్పొద్దన్నాం గానీ, సరంజామా పెట్టొచ్చు. ఒక అట్టపెట్టెలో పాత పేపర్లు, పురికొస, ఖాళీ అగ్గిపెట్టెలు, సీసా మూతలు, మొద్దు కత్తెర వేసి వాడికి అందే చోట పెట్టండి. గమ్ము ఇంట్లోనే కాచుకోవచ్చు. రెండు చెంచాల మైదాని పావు గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ముప్పావు గ్లాసు నీళ్లు మరుగుతుండగా అందులో పోసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉండండి. మైదాని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. చిటికెడు పటిక పొడి వేస్తే పురుగు పట్టదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. చల్లారాకే వాడి చేతికివ్వండి. ఏం చెయ్యాలో మాత్రం చెప్పకండి. హాల్లో టీవీ మోగుతుంటే ఇదంతా దండగే, అదీ కట్టేయాలి.

ప్రశ్న: ‘ఊరికినే కూకుంటే ఇల్లు గడుస్తాదేటండీ? ఇవన్నీ పనీపాటా లేనోళ్ల కబుర్లు.’
— ఒక ఆటో డ్రైవర్, ఎన్ఏడీ జంక్షన్

నిజమే, మీకు అదనంగా పావుగంట తీయమనడం తప్పు. స్టాండులో మీ వంతు వచ్చేదాకా ఎలాగూ ఆగుతారు. రోజుకి నాలుగైదుసార్లు అలా ఆగితే, అందులో ఒక్కసారి ఫోన్ సీటు కింద పెట్టి రోడ్డు చూడండి. అది చాలు.

ప్రశ్న: ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. సి షిఫ్టు దిగి పొద్దున్న ఇంటికొచ్చి కూర్చుంటే రెండు నిమిషాల్లో కునుకు పడుతోంది. నాకు ఇది పనిచెయ్యదా?
— ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

మీకు కావలసింది నిద్ర. రాత్రంతా మేలుకుని వచ్చిన శరీరం ఊరికే కూర్చోమంటే నిద్రే పోతుంది, పోవాలి కూడా. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, కాలింగ్ బెల్ కట్టేసి పడుకోండి. మీరు కూర్చోవలసింది పొద్దుటిపూట ఎ షిఫ్టు ఉన్న వారంలో, సాయంత్రం పూట. బస్సులో రీల్స్ చూడకపోతే నిద్రొచ్చి స్టాపు దాటిపోతోందని కూడా రాశారు. పక్కనున్న మనిషికి చెప్పి పడుకోండి.

ప్రశ్న: నా బాధ మీరు రాసినదానికి తలకిందులు. రిటైరై మూడేళ్లు. రోజంతా ఖాళీయే. పేపర్ చదవబుద్ధి కాదు, పార్కుకి వెళ్లబుద్ధి కాదు. టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చుంటాను. ఇంకా ఊరికే కూర్చోమంటారా?
— ఒక పెద్దాయన, సీతమ్మధార

వద్దండీ. ఏదో ఒకటి చెయ్యాలని ఉండి, ఏం చెయ్యాలో తెలియకపోవడం విసుగు. ఏదీ చెయ్యాలని లేకపోవడం వేరు. ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి చచ్చిపోయి, రెండు వారాలకు మించి దాదాపు రోజూ అలాగే ఉంటే డాక్టరుకి చూపించుకోవాలి. ఆకలి, నిద్ర మారాయా, బతుకు మీద విరక్తి మాటలు వస్తున్నాయా అన్నది ఇంట్లోవాళ్లు కూడా గమనించాలి. థైరాయిడ్, బి12 లోపాలు కూడా మనిషిని ఇలాగే నీరసపెడతాయి. రక్తపరీక్షతో తెలిసిపోతాయి. టీవీ పెద్దగా పెట్టుకుంటున్నారంటే వినికిడి కూడా చూపించుకోండి. చెవి సరిగా వినపడక నలుగురిలోకి వెళ్లడం మానేసి, అది ఒంటరితనమైపోయినవాళ్లు చాలామంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది.

ప్రశ్న: రెండు గదుల ఇంట్లో ఆరుగురం. కూర్చోవడానికి చోటేదీ? బీచ్‌కి వెళ్తే ముంతమసాలా కేకలు, సెల్ఫీలు.
— ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

సాయంత్రం ఆర్కే బీచ్ ఇందుకు పనికిరాదు. అది తిరునాళ్ల వేళ. పొద్దున్నే వెళ్లండి, నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో బళ్లు ఆపే వేళకి. రోడ్డుకి వీపు పెట్టి, పొడి ఇసుకలోనే కూర్చోండి. తడి ఇసుక దాకా కెరటం వచ్చిందంటే ఇంకా పైకి రాగలదన్నమాట. రాళ్ల మీద అసలు వద్దు, నాచు జారుతుంది. రేవులోకి పిలుపు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు దూరంగా కనిపిస్తాయి. ఒక్కదాన్ని ఎంచుకుని పావుగంట చూడండి. కదలడం లేదనుకుంటారు గానీ, గాలి, నీటివాలు మారినప్పుడు లంగరు చుట్టూ మెల్లగా తిరుగుతుంది. వచ్చేటప్పుడు పక్కకి కనపడ్డ ముక్కు, వెళ్లేటప్పుడు మీవైపుకి ఉండొచ్చు. సాయంత్రమే కుదురుతుందంటే జనం పల్చగా ఉన్న చోట నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం వెలుగుకీ వెలుగుకీ మధ్య ఎన్ని అంకెలు పడతాయో లెక్కపెట్టండి.

సెలవురోజైతే భీమిలి రోడ్డులో తొట్లకొండ. వాననీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. వానాకాలం మూడు నెలలూ తిరగడం మానేసి ఒకేచోట ఉండిపోవడం భిక్షువుల నియమం. వాళ్ల గదుల పునాదులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. ఒక మనిషి పడుకోవడానికి సరిపడా, అంతే. ఎండ ముదరకముందే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి.

ప్రశ్న: ఖాళీగా కూర్చుంటే మా అత్తగారు ‘ఒంట్లో బాలేదా’ అని అడుగుతున్నారు. రెండోసారి అడిగేసరికి లేచి ఏదో పని చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, గోపాలపట్నం

చేతికి పని ఇచ్చి మనసుని వదిలేయండి. బ్రిటన్‌లో 2014లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొంతమంది చేత పావుగంటసేపు టెలిఫోన్ డైరెక్టరీలోంచి నంబర్లు చూసి రాయించారు. ఆ తర్వాత రెండు ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చెయ్యొచ్చో చెప్పమంటే, నేరుగా వచ్చినవాళ్లకంటే వాళ్లే ఎక్కువ చెప్పారు. మనకి డైరెక్టరీ దేనికి? పావుకిలో చిక్కుడుకాయలు ముందేసుకోండి. తొడిమ గిల్లి, ఈనె కిందిదాకా లాగి, రెండోవైపు ఈనె పైకి లాగి, తుంచి గిన్నెలో వేయడం. సుమారు పావుగంట పని. లేత కాయలైతే ఈనె మధ్యలో తెగి చిరాకు పెడుతుంది, కాస్త ముదురువి తీసుకోండి. వత్తులు చేయడమూ ఇలాంటిదే, కాకపోతే ఫ్యాన్ కట్టేయాలి, దూది ఎగురుతుంది. పూలు కట్టడం వద్దు, లెక్క చూసుకుంటూ ఉండాలి కాబట్టి మనసు వదలదు. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని సాయం పడితే, సగం కాయలు అటు తోసేయండి.