‘పెర్ల్’ కవితలో ముత్యం దేనికి గుర్తు?

14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవిత ‘పెర్ల్’లో ముత్యమంటే చనిపోయిన పాపా, ఆత్మా, పరలోకమా అని అడిగారు. మూడూనండీ. కాకపోతే ఒకదాని తర్వాత ఒకటిగా తెలుస్తాయి.

ఎం.ఏ.లో నేను ‘ముత్యం అంటే పవిత్రత’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. కొన్నేళ్లకు మా అక్క కూతురు ఏడాదిన్నర వయసులో జ్వరంతో పోయింది. అప్పుడు మళ్లీ ఈ కవిత చదివాను. ఇందులో పాపకు కూడా రెండేళ్లు నిండలేదు. ప్రార్థన చేయడం కూడా రాని పసిది.

మొదట్లో ముత్యం గడ్డిలో జారి మట్టిలో కలిసిన నగ, తండ్రి నగల వర్తకుడు. ఆ భాగంలో ‘స్పాట్’ అనే మాట ప్రతి పద్యం చివరా వస్తుంది. దానికి మచ్చ అనీ, చోటు అనీ రెండర్థాలు. మచ్చలేని ముత్యం, అది పోయిన చోటు. సమాధి దగ్గర కూర్చున్న మా అక్క మనసు కూడా ఆ రెండింటి మధ్యే తిరిగేది.

తండ్రికి కలలో ఏటి అవతల పాప కిరీటంతో కనిపిస్తుంది. నువ్వు పోగొట్టుకున్నది వాడిపోయే గులాబీ, ఇప్పుడది విలువైన ముత్యమని తేలింది అంటుంది. అంటే ఆత్మ. తర్వాత తన రొమ్ము మీది ముత్యాన్ని చూపి, బైబిల్‌లోని మత్తయి సువార్తలో వర్తకుడు సర్వం అమ్మి కొన్నది ఇదే, పరలోక రాజ్యం అంటుంది.

పసిపిల్ల రాణి ఎలా అయిందని తండ్రి వాదిస్తాడు. జవాబుగా ద్రాక్షతోట పనివాళ్ల కథ చెబుతుంది. పొద్దుటి నుంచీ పనిచేసినవాళ్లకు ఎంతో, పొద్దుగూకే వేళ వచ్చినవాళ్లకూ అంతే కూలి. సండే స్కూల్లో విన్నప్పుడు ఆ యజమానిది అన్యాయం అనిపించేది నాకు. ‘సాయంత్రం వచ్చింది నేనే’ అన్నట్టు ఈ పాప మాట్లాడుతుంటే ఆ కథ మొదటిసారి అర్థమైంది.

అంకెలు కూడా ఊరికే పెట్టలేదు. పద్యానికి 12 పాదాలు, మొత్తం 1212. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని పరలోక పట్టణానికి 12 గుమ్మాలు, ఒక్కోటీ ఒక్కో ముత్యం. చివరి పాదం మొదటి పాదాన్ని అందుకుంటుంది, కవిత ముత్యంలా గుండ్రమవుతుంది.

ఏరు మరణానికి గుర్తు. బతికున్నవాళ్లు దాటలేరు. పాప ముందే చెప్పినా, అంతా విన్నా, తండ్రి దూకబోతాడు. వెంటనే మెలకువ వచ్చి సమాధి దిబ్బ మీద ఉంటాడు. తర్వాత దేవుని చిత్తానికి తలవంచుతాడు నిజమే. కానీ కవి ఆ దూకడాన్ని దాచలేదు. అందుకే ఆ ఓదార్పును నేను నమ్ముతాను.

అక్కకు ఇదంతా తెలుగులో చెబుతుంటే అక్కడే ఆపమంది. ‘దూకకుండా ఎలా ఉంటాడే’ అంది.